దారాలు కట్టిన సీసా

"వాడి చూపు ఒక్క రెప్పపాటు అటూ ఇటూ అయి, ఒక మందు పోయాల్సిన చోట ఇంకో మందు పోశాడనుకోండి, అప్పుడేంటండీ గతి?"

పెద్దింటమ్మ ఎవరితోనూ అనలేదు ఆ మాట. తెల్లవారుజామున దోనె ఎక్కిన దగ్గర్నుంచీ లోపల సుళ్ళు తిరుగుతున్నది, ఏలూరు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న కాసేపటికి దానంతట అదే నోట్లోంచి జారిపడింది. పక్కనున్న ఆవిడ తల తిప్పి చూసింది. నిండు మనిషి, ముక్కుకి రెండువైపులా బేసర్లు, ఒళ్ళో గుడ్డలో చుట్టిన నల్ల సీసా. ఉంగుటూరు నుంచి పొద్దున బండికి వచ్చానని, పేరు కనకమ్మని, ఇంట్లో కూతురి కొడుకు బుల్లిరాజుకి చలిజ్వరమని, మూడేళ్ళవాడు మూడు రోజులై పాలు కూడా ముట్టలేదని, డాక్టరు గారు కిందటివారం వాణ్ణి చూసి మళ్ళీ ఇదే మందు పట్టమన్నారని, అంతా అప్పటికే చెప్పేసింది.

"ఎవరి సంగతండీ మీరనేది? ఆ లోపల కలిపే కుర్రాడి సంగతా?" అంది కనకమ్మ. "నేనూ విన్నానండీ. ఇవాళ పెద్ద కాంపౌండరు గారు కుర్చీలో కూర్చుంటారంట, నేర్చుకునేవాడి చేత కలిపిస్తారంట. ఊరికే ఇచ్చే మందు కదా, మన మీదే నేర్చుకోవాలి మరి. మా గేదె కూడా కొత్త చెయ్యి తగిలితే పాలు చేపదండీ. మనుషులం, మనమెలా తాగుతాం చెప్పండి?" అని తనే నవ్వింది.

పెద్దింటమ్మ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. వాడు నా కొడుకండీ అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది గాని, అంటే ఏమవుతుంది? ఆవిడ సీసా పట్టుకుని లేచి వెళ్ళిపోతే? వెళ్ళేది నోరు మూసుకుని వెళుతుందా, వరండా అంతా వినపడేట్టు ఒక మాట అని వెళుతుంది, ఆ మాట లోపలికి పోతుంది, అసలే కొత్త చెయ్యి, ఆ చేతిలో ఔన్సు గ్లాసు, అందులో ఏముందో, అది వణికితే... అందుకే ఇందాక చీటీ రాసే గుమాస్తా పేరడిగినప్పుడు కూడా పెద్దింటమ్మ అని చెప్పలేదు. మంగ అని చెప్పింది. ఊరేదమ్మా అంటే, కొల్లేట్లో ఒక లంకండీ అంది. ఆయన తలెత్తకుండా అలాగే రాసుకున్నాడు. డాక్టరు గారు నాలుక చూసి, కంటి రెప్ప లాగి చూసి, రోజు విడిచి రోజు వచ్చే జ్వరమేనా అని అడిగి, చీటీ మీద గీకిచ్చారు. జ్వరం నిజమే. అది అబద్ధం కాదు. నిన్న వచ్చింది, రేపు వస్తుంది, ఇవాళ సెలవు. వాడు మందులు కలిపే బల్ల దగ్గర ఒంటరిగా నిలబడేది సోమవారమని కార్డు రాశాడు, జ్వరం ఆ సోమవారమే సెలవిచ్చింది, అమ్మవారి దయ. "వెళ్ళు గాని వాణ్ణి కంగారు పెట్టకు. నువ్వు కంగారు పడితే నీళ్ళలో చేపలు కూడా కంగారు పడతాయి," అన్నాడు మొగుడు వీరాస్వామి, దోనె గట్టుకి తోస్తూ. ఆయనకేం, ఆయన నీళ్ళ మీద మనిషి. గాలి ఎటు వీస్తే అటు గెడ వేస్తాడు. ఈవిడ అలా కాదు, గాలి రాకముందే మునుగుతుంది.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. వాడు కలిపే మొదటి మందు తను తాగాలని వచ్చింది. తప్పంటూ జరిగితే మొదటి దాంట్లోనే జరుగుతుంది. జరిగితే తన ఒంట్లో జరగాలి, ఊరివాళ్ళ ఒంట్లో కాదు. తను పోతే వాడు ఏడుస్తాడు, అంతే. ఇంకొకరి బిడ్డకి ఏమైనా అయితే వాడు బతికున్నన్నాళ్ళూ తలెత్తలేడు. అది తనకి తెలుసు, ఎందుకు తెలుసంటే... కాని కాలవగట్టున నడిచి నడిచి వచ్చేసరికి అప్పటికే ఆరుగురున్నారు. చేతిలో రేకు బిళ్ళ మీద ఏడో నంబరు. దగ్గుతున్న ముసలాయన ఒకటి, గోనెసంచి కప్పుకున్న కూలిమనిషి రెండు, అలా ఆరుగురు మందు పట్టుకుని వెళ్ళిపోతుంటే ఒక్కొక్కరి వీపూ గేటు దాటేదాకా చూసింది. ఏమైనా అయితే గేటు దగ్గరే కూలబడతారన్నట్టు. ఎవరూ పడలేదు. ముసలాయన గేటు దగ్గర ఆగాడు, పెద్దింటమ్మ గుండె ఆగింది, ఆయన చుట్ట ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

వరండా చివర గదికి చెక్క తడక, తడకలో జానెడు కిటికీ. అందులోంచి మొహాలు కనబడవు. చీటీ పెట్టిన చెయ్యి లోపలికి పోతుంది, సీసా పట్టుకుని ఇంకో చెయ్యి బయటికి వస్తుంది. లోపల్నించి నీళ్ళ చప్పుడు, గాజుకి గాజు తగిలిన చప్పుడు, కల్వంలో ఏదో నూరుతున్న చప్పుడు. ఈ చప్పుళ్ళన్నీ వాడివే. ఊళ్ళో బియ్యం వర్తకులు చందాలు వేసుకుని కట్టించిన ఆసుపత్రి, అందుకే చందాలాసుపత్రి అంటారు అందరూ, పదహారు నెలల కిందట వాణ్ణి ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళినప్పుడు సున్నం వాసన ఇంకా పోలేదు. మొదటి నాలుగు నెలలూ సీసాలే కడిగించారంట. తర్వాత పొడులు తూచి పొట్లాలు కట్టడం. ఒక గురిగింజ ఎత్తు తేడా వచ్చినా పెద్ద కాంపౌండరు భీమశంకరం గారు పొట్లం విప్పి మళ్ళీ కట్టమనేవారంట, అలా ఒకరోజు నలభై పొట్లాలు మూడుసార్లు కట్టాడంట. తర్వాత విషాల బీరువా పేర్లు కంఠస్థం, తాళం మాత్రం ఇవ్వరు. ఆ తర్వాత ఆయన కలుపుతుంటే పక్కన నిలబడి చూడడం. కార్డు మీద చీమల బారులా రాస్తాడు, ఈవిడ లంకలో రాత్రిబడిలో ఏలీయా మేష్టారి దగ్గర నేర్చుకున్న మూడేళ్ళ చదువుతో కూడబలుక్కుని చదువుతుంది, ఒక్కో కార్డు మూడు పూటలు పడుతుంది. చదివిన పూటల్లా ఒక కొత్త భయం. కిందటి నెల కార్డులో సత్యవేదం సంగతి రాశాడు. సత్యవేదం వాడితోపాటు చేరిన పిల్లవాడు, మంచివాడు, వాడికంటే తెలివైనవాడు. ఒక సీసా మీద మోతాదుల గీతల కాగితం తప్పు కత్తిరించి అంటించాడు. సీసా గేటు దాటకముందే భీమశంకరం గారు పట్టుకున్నారు. అరవలేదంట, తిట్టలేదంట. చేతులు తుడుచుకుని, పెట్టె సర్దుకో నాయనా అన్నారంట.

పెట్టె సర్దుకో. ఆ రెండు మాటలూ చదివిన రోజు పెద్దింటమ్మ అన్నం తినలేదు. వాడి పెట్టె ఎలా ఉంటుందో తెలుసు, తనే కొనిచ్చింది, ఆకుపచ్చ రేకు పెట్టె, మూత మీద చిలక. ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని కాలవగట్టున నడిచొస్తున్నట్టు, వీరాస్వామి దోనెలో ఏమీ అడగకుండా చోటిచ్చినట్టు, లంకలో అందరూ వలలు బాగుచేసుకుంటూ తలలెత్తి చూస్తున్నట్టు, ఒకటికి పదిసార్లు కనబడింది.

సీసా విషయంలో మాత్రం తనవల్ల మాట రాకూడదనుకుంది. మందు సీసా ఇంటి నుంచి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పోయకముందు ప్రతి సీసా వాసన చూడాలని భీమశంకరం గారి ఆన, కిరసనాయిలు వాసన వేసినా, నూనె వాసన వేసినా తిప్పి పంపేస్తారంట. కొల్లేటి ఇంట్లో చేప వాసన వెయ్యని వస్తువు ఏదుంటుంది? అటక మీద నుంచి లేతాకుపచ్చ సీసా తీసింది, అడుగు లోపలికి నొక్కుకుపోయి బుడిపెలా ఉంటుంది, ఆ బుడిపె చుట్టూ సందులో వేలు దూరదు. ఇసకేసి కుదిపింది. చింతపండేసి కుదిపింది. అప్పటికీ వాసన పోలేదనిపించి, మంచినీళ్ళ బిందెలు కడిగినట్టు గుల్లసున్నం కలిపి, చిక్కగా పోసి రెండు రాత్రులు నిలవుంచింది. కొల్లేటి గుల్లలు కాల్చిన సున్నం అది, దాని ముందు ఏ వాసనా నిలవదు. పారబోసి, బోర్లించి ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. ఎంత సంతోషమైందో! నా సీసా చూసి వాడు వంక పెట్టలేడులే అనుకుంది.

ఎందుకు తెలుసంటే. అటు పోకూడదనుకున్న కొద్దీ మనసు అటే పోతుంది. వాడికి నాలుగేళ్ళు. ఇలాగే జ్వరం. గట్టు మీద ఊళ్ళో ఒక డాక్టరు దగ్గర మందు పోయించుకుని దోనెలో వస్తున్నారు. సీసా పక్కన గీతలు గీతలుగా కత్తిరించిన కాగితం అంటించి ఉంది, ఒక పూటకి ఒక గీత. చినుకు పడింది, సీసా దోనె అడుగు నీళ్ళలోకి దొర్లింది, ఇంటికొచ్చి చూస్తే కాగితం లేదు. వెనక్కి వెళదామంటే చీకటి, గాలి. ఇంతే కదా అనుకుంది. వేలితో అడ్డం పెట్టి, ఇంతే కదా అని పట్టింది. వాడు నిద్రపోయాడు. ఆ రాత్రి లేవలేదు. మర్నాడు లేవలేదు. సూర్రావ్, సూర్రావ్ అని పిలిస్తే రెప్ప కూడా కదల్లేదు. ఆ రోజంతా, ఆ రాత్రంతా వాడి ముక్కు దగ్గర కోడి ఈక పట్టుకుని కూర్చుంది, ఈక కదిలితే బతికున్నాడు, ఆగితే... ఈక కదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెడుతూ, వంద దాటితే మళ్ళీ ఒకటి. వీరాస్వామి గుమ్మంలో కూర్చుని వల ముడులు విప్పుతూ, మళ్ళీ వేస్తూ. రెండో రోజు మధ్యాహ్నం వాడు కళ్ళు విప్పకుండానే, ఆకలేస్తోందమ్మా అన్నాడు. ఆ మాట తర్వాత తనెప్పుడూ మామూలు మనిషి కాలేదు. ఏ సీసా చూసినా వేలు అడ్డం పెట్టిన చెయ్యే కనబడుతుంది. ఈ సంగతి వాడికి పదిహేనేళ్ళప్పుడు ఒకసారి చెప్పింది, అన్నం పెడుతూ. వాడు విన్నాడు. కంచం కడిగి వెళ్ళిపోయాడు.

"ఏడో నంబరు!"

లేచింది. చీటీ, సీసా కిటికీలో పెట్టింది. చెయ్యి వచ్చి తీసుకుంది. ఎడమచేతి బొటనవేలి మొదట్లో జెల్ల చేప ముల్లు గుచ్చుకున్న మచ్చ, అది వాడి చెయ్యే, కాని ఎంత తెల్లబడిందో, గోళ్ళు ఎంత కురచగా కత్తిరించాడో. సీసా వాసన చూసిన చప్పుడు వినపడింది, గాలి లోపలికి పీల్చడం. తిప్పి పంపలేదు. కాసేపటికి సీసా వచ్చింది. "నాలుగు మోతాదులండీ. బాగా కుదిపి, పూటకో గీత తాగండి," అంది గొంతు. ఎవరితో అంటున్నాడో తెలియక అన్న మాట. అండీ అన్నాడు తనని. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏదీ రానివ్వకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చేసింది.

కూర్చుని చూస్తే సీసా మీద కాగితమే కాదు, దారాలు కూడా ఉన్నాయి. గీతకొక దారం, సీసా చుట్టూ బిగించి కట్టిన మూడు తెల్ల దారాలు. "ఇదేంటండీ, మీ సీసాకి మొలతాళ్ళు కట్టాడు?" అంది కనకమ్మ వంగి చూస్తూ. తనకంటే ముందు మందు పోయించుకెళ్ళిన వాళ్ళ సీసాలకి ఇవి లేవు. పెద్దింటమ్మ ముడి మీద వేలు పెట్టింది. వల ముడి. తడిస్తే ఇంకా బిగిసే ముడి. చీటీ మీద కొల్లేటి లంక అని చూసి కట్టాడు. దోనెలో వెళ్ళే మనిషి, కాగితం తడిసి ఊడిపోతుంది, దారం ఊడదు. ఆ రోజు విని ఏమీ అనకుండా కంచం కడిగి వెళ్ళినవాడు, నాలుగేళ్ళు మోసుకు తిరిగి, పేరు తెలియని ఏ లంక మంగకో కట్టిచ్చాడు. ఎంతసేపు అలా వేలు ముడి మీదే ఉంచిందో. ఒళ్ళంతా చల్లగా, కొల్లేటి మీద తూరుపు తెల్లవారినట్టు అయింది. ఇంక ఏ భయమూ లేదనిపించింది. మొదటి మోతాదు ఇక్కడే, వాడి గోడ పక్కనే తాగుదామని, చెప్పినట్టే బాగా కుదిపింది.

మందు తెల్లబడింది.

నీళ్ళలా తేటగా ఉన్నది, కళ్ళ ముందే విరిగిన పాలలా అయిపోయింది. తెల్లటి తరకలు పైకి లేచి, తిరిగి, కిందికి దిగుతున్నాయి. పెద్దింటమ్మ సీసాని కొంగు కిందికి లాక్కుంది. తప్పు పోశాడు. తను అనుకున్నదే. అనుకుంటూనే ఉంది. నోరు తెరిచి అనడం వల్లే జరిగిందేమో. ఎవరైనా చూశారా? చూడలేదు. ఫరవాలేదు, తాగేద్దాం, తాగితే సాక్ష్యం ఉండదు. వద్దు, తాగి ఇక్కడే పడిపోతే వాడికే చుట్టుకుంటుంది, గేటు దాటి కాలవలో పారబోసి, సీసా కూడా నీళ్ళలో వదిలేసి, ఇంటికెళ్ళి నయమైపోయిందని కార్డు రాయించేస్తే సరి. పెట్టె సర్దుకో అనే మాట ఎవరూ అనక్కర్లేదు. ఎంత తేలిక. లేవాలి, అంతే, లేచి నడవాలి. లేవబోతుండగా, "ఎనిమిది" అని పిలిచారు, కనకమ్మ లేచి వెళ్ళింది, ఎంతో సేపు పట్టలేదు, నల్ల సీసా పట్టుకుని నవ్వుతూ వచ్చేసింది. "జ్వరం మందంతా ఒకే జాడీలోదంటండీ, మీదీ నాదీ ఒకటే. పిల్లాడు కదా అని సగం సగం పట్టమన్నాడు. పరవాలేదు, చెయ్యి బాగానే ఉంది కుర్రాడిది! వస్తానండీ, తాడేపల్లిగూడెం బండి వేళయింది," అని గుడ్డ చుట్టుకుంటూ మెట్లు దిగింది.

ఒకే జాడీ. నల్ల సీసాలో తెల్లదో ఎర్రదో ఎవరికి కనబడుతుంది? ఉంగుటూరులో దిగుతుంది, ఇంటికెళుతుంది, బుల్లిరాజుని ఒళ్ళో వేసుకుని సగం మోతాదు పడుతుంది. వాడు నిద్రపోతాడు. ముక్కు దగ్గర ఈక పట్టుకుని ఆవిడ కూర్చుంటుంది, ఒకటి, రెండు... కనకమ్మ వీపు గేటు దాకా వెళ్ళింది. పెద్దింటమ్మ ఆ వీపుని చూసింది, కిటికీని చూసింది. వాడి ఆకుపచ్చ పెట్టె కనబడింది. పెట్టె మీద చిలక కనబడింది.

"కనకమ్మగారూ! ఆగండి! ఆ మందు పట్టకండి!"

అంత గొంతు తనకుందని తనకే తెలీదు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. కనకమ్మ వెనక్కి వచ్చేసరికి పెద్దింటమ్మ కిటికీ దగ్గరుంది. సీసా లోపలికి పెట్టింది. చేతి గాజులు తడకకి కొట్టుకుంటున్నాయి. "కుదిపితే ఇలా తెల్లగా విరిగిపోయిందండీ. ఇది ఇలాగే ఉంటుందా బాబూ? చంటిపిల్లాడికి పట్టొచ్చా?"

చెయ్యి వచ్చి సీసా తీసుకుంది. వెనక కుర్చీ కిర్రుమంది, దగ్గు, తర్వాత పెద్దగొంతు, భీమశంకరం గారిదే అయి ఉండాలి, "నన్నెందుకు చూస్తావు? బల్ల నీది. చూసి నువ్వే చెప్పు," అంది. అంతే.

బిరడా తీసిన చప్పుడు. ఏదో గాజులోకి వంచిన చప్పుడు. ఇంకేదో జాడీ మూత. నీళ్ళు ఒక్కొక్క చుక్క పడుతున్నట్టుంది, ఒకటి, రెండు, మూడు, ఆగింది. కాగితం చిరిగిన చప్పుడు. అది దేని కాగితమో, మోతాదుల కాగితమా, ఉత్తరం రాసే కాగితమా. పదమూడా, పద్నాలుగా, తను ఎప్పుడు లెక్క మొదలుపెట్టిందో తెలియదు, లెక్కపెడుతోంది. దూరాన రైలు కూత వేసింది. కనకమ్మ కదల్లేదు. "వాడు నా కొడుకండీ," అంది పెద్దింటమ్మ, కిటికీ మీద నుంచి చూపు తిప్పకుండా, నెమ్మదిగా. "నా పేరు మంగ కాదు." కనకమ్మ ఆవిడ మొహం వంక చూసింది, గేటు వంక చూసింది. గేదె మాట గాని, బండి మాట గాని ఎత్తలేదు. పక్కనే గోడకి ఆనుకుని నిలబడి, నల్ల సీసా గుండెలకి పెట్టుకుంది. రైలు వచ్చి, ఆగి, కదిలి, చప్పుడు కాలవ వైపు సాగి సన్నబడిపోయింది. నలభై ఒకటి. నలభై రెండు. వరండా గచ్చు మీద ఎండ కాళ్ళ దాకా వచ్చింది. సూర్రావ్ అని పిలవాలనిపించింది, ఆనాడు పిలిచినట్టు. పిలవలేదు. వాడు చూసుకుంటున్నాడు. చూసుకోనీ. ఎంతసేపైనా ఉంటుంది, ఆ రెండు రోజులూ ఉండలేదా. అరవై. అరవై ఒకటి. చిత్రంగా తన చేతి గాజుల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

కిటికీలో చెయ్యి కనబడింది. అందులో గాజు గ్లాసు, గ్లాసులో మందు, నీళ్ళలా తేటగా.

"మందు మంచిదేనండీ. అదే జాడీలోది, చూడండి. ఆ నల్ల సీసా ఆవిడగారిని దిగులు లేకుండా బాబుకి పట్టమనండి," అంది లోపలి గొంతు. తర్వాత కిటికీకి బాగా దగ్గరగా వచ్చి, మెల్లిగా, నవ్వు ఆపుకుంటూ అంది, "బిందె కడిగినట్టు గుల్లసున్నం పెట్టి కడిగావు కదూ అమ్మా? సీసా అడుగున ఇంకా ఉంది, సున్నం తగిలితే ఈ మందు విరుగుతుంది. వేరే సీసాలో పోసి దారాలు కట్టిస్తాను, కూర్చో. ఇది మాత్రం నువ్వు కడక్కు."